చెవిలో సున్నపు రేణువులు

ఆ రోజు ఆదివారం. ఉదయం ఏడు దాటింది. కాలేజీ లేదు కదా, ఇంకాసేపు పడుకుందామని కుడివైపుకి ఒత్తిగిల్లాను. గది కదిలింది. ఫ్యాను, బీరువా, గోడమీది క్యాలెండరు అన్నీ ఒకే దిక్కుకి గిర్రున తిరుగుతున్నాయి. కళ్ళు మూసుకుంటే నేనే తిరుగుతున్నాను. పరుపు అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. అర నిమిషానికి ఆగింది. తల కాస్త కదిపితే మళ్ళీ మొదలు.

ఫోను దిండు పక్కనే ఉంది. ఎవరికి చెయ్యాలో తోచలేదు. తమ్ముడు భీమవరంలో ఉంటాడు, వాడు బయలుదేరి వచ్చేసరికి రాత్రవుతుంది. నాతో పనిచేసే వాళ్ళంతా నగరం నుంచి బస్సులో వచ్చి బస్సులో వెళ్ళిపోయేవాళ్ళే. పేర్లన్నీ ఒకసారి పైనుంచి కిందికి చూశాను. విద్యార్థుల తల్లిదండ్రులు, గ్యాస్ ఏజెన్సీ, నీళ్ళ ట్యాంకరు. ఆఖరికి కింద ఉండే ఇంటావిడకి చేశాను.

ఇబ్రహీంపట్నంలో డిపో వెనక వీధిలో ఆ పై వాటాలో దిగి అప్పటికి నాలుగేళ్ళు. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. భర్త పొద్దున్నే పొలానికి వెళ్తే మధ్యాహ్నానికి గానీ రాడు. కొంగరకలాన్ వైపు మిగిలిన కాస్త భూమిలో ఆకుకూరలు వేసేవాళ్ళు. నేను ఆమెని అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం లెక్చరర్నని ఒకటి రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. మా మధ్య మాటలు మోటారు ఎప్పుడు వేస్తారు, వాన వచ్చేలా ఉంది బట్టలు తీసుకోండి, అంతవరకే.

తలుపు లోపల గడియ వేసి ఉంది. నేలమీద పాకుతూ వెళ్ళి తీశాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "గట్లనే కూసో, లేవకు" అంది. నుదురు పట్టి చూసింది. చక్కరొస్తున్నదా అని అడిగింది. పైత్యమేమో అని నిమ్మకాయ నీళ్ళు కలిపి ఇచ్చింది. అది తాగీ తాగకముందే వాంతి అయింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆమె గుడ్డ తెచ్చి నేల తుడిచింది.

మర్నాడు ఆటోలో తనే దవాఖానకి తీసుకెళ్ళింది. చెవి డాక్టరు నన్ను బల్లమీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టాడు. తల బల్ల అంచు నుంచి కాస్త కిందికి వేలాడుతోంది. రెండు మూడు క్షణాలు ఏమీ లేదు. తర్వాత గది మొత్తం లేచింది. ఆయన ఆమెని దగ్గరికి పిలిచి నా కళ్ళు చూడమన్నాడు. కనుగుడ్లు గుంజినట్టు ఒక పక్కకి తిరిగి తిరిగి వస్తున్నాయట. కళ్ళు తిరుగుతున్నాయని అందరం అంటాం గానీ, ఈ జబ్బులో అవి నిజంగానే తిరుగుతాయి అన్నాడు.

లోపలి చెవిలో మెత్తటి జిగురు పరుపు మీద సన్నటి సున్నపు రేణువులు ఉంటాయి. పైకి ఏది, కిందికి ఏది అన్నది మనకి తెలిసేది వాటి బరువు వల్లే. ఒక్కోసారి కొన్ని ఊడి, పక్కనున్న వంకర గొట్టాల్లోకి జారుకుంటాయి. అక్కడి ద్రవాన్ని కదిలిస్తాయి. మనిషి కదలకపోయినా తిరుగుతున్నాడని చెవి చెప్తుంది, కళ్ళు ఆ మాట నమ్మి తిరుగుతాయి. నేను పంతొమ్మిదేళ్ళుగా బోర్డు మీద గీస్తున్న బొమ్మే ఇది. ఆ వంకర గొట్టాలే మూడు అర్ధవర్తుల కుల్యలు, వాటికి మూడు రంగుల సుద్దముక్కలు. అవి నా తలలో కూడా ఉన్నాయన్న సంగతి ఒక్కసారీ తట్టలేదు.

దీనికి మందుల కంటే తల తిప్పడమే వైద్యమట. కుడికి తిప్పి ఒక నిమిషం, ఎడమకి తిప్పి ఒక నిమిషం, ఆపైన పక్కకి దొర్లించి ఇంకో నిమిషం. అలా చేస్తే రేణువులు వచ్చిన దారినే వెనక్కి జారతాయి. ఆయన అక్కడే ఒకసారి చేశాడు, తిరగడం ఆగింది. మళ్ళీ వస్తే ఇంట్లోనే చేసుకోవచ్చు, కానీ తల పట్టుకునే మనిషి ఉండాలి అన్నాడు. ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. ఎవరూ లేరని నేను చెప్పేలోగా ఆమె ముందుకి వచ్చి, "నేనున్న. ఎట్ల పట్టాలెనో చెప్పు సారూ" అంది.

నాలుగో రోజు మళ్ళీ మొదలైంది. అక్కణ్ణుంచి రోజూ ఏడింటికి, మోటారు వేసి పైకి వచ్చేది. మంచం తలవైపు కుర్చీ వేసుకుని నా తల రెండు అరచేతుల్లోకి తీసుకునేది. అప్పటికే మెంతికూర కట్టలు కట్టి వచ్చేది కాబట్టి చేతులు ఆ వాసనే. వేళ్ళు గరుకు. నిమిషానికి గుర్తుగా ఒకటి నుంచి ఇరవై దాకా మూడుసార్లు లెక్కపెట్టేది. మధ్యలో పొలం పక్కన వేస్తున్న ప్లాట్ల సంగతి చెప్తూ లెక్క తప్పి, మళ్ళీ మొదటికి వచ్చేది. కళ్ళు తిరగడం తగ్గాక కూడా నేను కదిలేదాన్ని కాదు. నా తల బరువు ఇంకొకరి చేతుల్లో ఉంది. అలా చివరిసారి ఎప్పుడు ఉందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. డిగ్రీ చదివేటప్పుడు అమ్మ తలకి నూనె పెట్టేది. ఆ తర్వాత ఎవరూ గుర్తు రాలేదు. నాకప్పుడు నలభై ఏడేళ్ళు.

పదకొండో రోజు పడుకుంటే ఏమీ తిరగలేదు. ఆమె వంగి చూసి, ఆగినయ్ అంది. మర్నాడు, ఆ మర్నాడు కూడా అంతే. ఇక రానవసరం లేదని ఇద్దరికీ తెలుసు. ఆమె రాలేదు.

జబ్బు తగ్గినందుకు సంతోషించాలి. కానీ ఏడు అయ్యేసరికి కింద ఆమె చెప్పుల చప్పుడు, మోటారు మోత వింటూ పడుకునేదాన్ని. వారం అలా గడిచింది. తర్వాతి ఆదివారం ఫోను తీసి, "అక్కా, మళ్ళీ తిరుగుతోంది" అన్నాను. తిరగడం లేదు.

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. తల పట్టుకుని వెనక్కి వంచింది. కళ్ళు చెప్పేస్తాయన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. గట్టిగా మూసుకున్నాను.

"కండ్లు తెరువు టీచరమ్మా."

తెరిచాను. తలకిందులుగా ఆమె ముఖం. చాలాసేపు చూసింది. నా కనుగుడ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు చెవులు వేడెక్కాయి. ఆమె ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టింది. మూడు ఇరవైలు పూర్తి చేసింది. తల ఎడమకి తిప్పి మళ్ళీ మూడు ఇరవైలు. పక్కకి దొర్లించి మళ్ళీ. డాక్టరు చెప్పినదాంట్లో ఒక్కటీ వదల్లేదు. ఆ రోజు లెక్క ఎక్కడా తప్పలేదు. తగ్గిందా అని అడిగింది, తగ్గిందన్నాను. కిందికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆమెకి ఎదురుపడకుండా తిరిగాను. మూడో రోజు కాలేజీకి బయలుదేరుతుంటే మెట్ల దగ్గర దొరికిపోయాను. ఆమె ఆకుకూర మీద నీళ్ళు చల్లుతోంది. తలెత్తకుండానే అంది:

"కండ్లు తిరిగితెనే పిల్వాలెనా? ఊకె గూడ పిల్వొచ్చు."

సరే అక్కా అన్నాను. బస్సుకి టైమవుతోందని కూడా అన్నాను. నా కాలేజీ అక్కణ్ణుంచి నడిచి పోయేంత దూరం, ఆమెకి తెలుసు.

తర్వాత ఏడాదిన్నర ఆ ఇంట్లోనే ఉన్నాను. ఎన్నో ఉదయాలు ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఏమని పిలవాలి, వచ్చాక ఏం మాట్లాడాలి అని ఆలోచిస్తుంటే ఎనిమిదయ్యేది, పెట్టేసేదాన్ని. ఒక్కసారి కూడా ఊరికే పిలవలేదు. ఆమె కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాదర్‌గుల్‌లో వేరే కాలేజీలో ఉద్యోగం దొరికాక ఖాళీ చేశాను. సామాను ఎక్కించేటప్పుడు ఆమె పుస్తకాల పెట్టెకి ఒక పక్క చెయ్యేసి గేటు దాకా మోసింది. వ్యాను కదిలే ముందు ఏదో చెప్పాలనుకుని, మోటారు స్విచ్ ఈమధ్య సరిగ్గా పడడం లేదు, చూపించండి అని చెప్పాను. అవ్, చూపిస్త అంది.