కుట్టని జాతి చీమ

అరవైల్లో జహీరాబాద్‌లోని మా పెరట్లో నలభై రకాల చీమలుండేవి. సరే, నాలుగే. వాటిని గుర్తుపట్టింది మా ఇంట్లో కిరాయికున్న సైన్సు సారు. పేరు తేల్చాల్సిన చీమను ముంజేతి మీదికి ఎక్కించుకుని, కళ్ళు మూసుకుని, "జర ఆగున్రి, అదే చెప్తది" అనేవారు.

ఒకనాడు అమ్మ విసిగిపోయి చీమల బొరియలన్నిటిలో పోయడానికి పొయ్యిమీద నీళ్ళు మరగబెట్టింది. కుట్టని జాతిని వదిలేయమని సారు బతిమాలారు. మూడు రకాలు కుట్టవని ముందే తేలింది, మట్టిరంగు చీమ సంగతి ఒక్కటే తేలలేదు. సారు దాన్ని చేతిమీద నడిపించి, చిరునవ్వు చెదరకుండా, "గిది కుట్టదమ్మా" అని పెరట్లోంచి కేకేశారు. అమ్మ ఆ నీళ్ళతో స్నానం చేసింది.

ఇది చదివి మా అక్క అంది: "సారు చెయ్యి యాడిదిరా? నీ చెయ్యి. మస్తు కుట్టింది. అమ్మకు ఇనబడొద్దని సారు నీ నోరు మూసి పట్టుకున్నరు."