ముఖాలు చెరిగిపోయిన పేరమ్మ

మెదడువాపు జ్వరం తగ్గాక అడవులదీవి పేరమ్మ మనుషుల్ని పోల్చుకోలేకపోయింది. కళ్లూ, ముక్కూ, నోరూ కనిపించేవి. అవి ఎవరివో తెలిసేది కాదు. అద్దంలోంచి ఎవరో పరాయి ఆడది తననే చూసేది. గాలి సోకిందనీ, అమావాస్యకు భూతవైద్యుడితో కొట్టించి వదిలించాలనీ ఊరు తీర్మానించింది.

తెనాలి డాక్టరమ్మ మాత్రం, "ఇది ప్రోసోపాగ్నోసియా. గ్రీకులో ప్రోసోపాన్ అంటే ముఖం, ఆగ్నోసియా అంటే ఎరగకపోవడం. దయ్యం కాదమ్మా, జబ్బు. గొంతుని బట్టి గుర్తుపట్టు" అంది.

మొగుడు శివనాగరాజు సగమే నమ్మాడు.

ఒక మధ్యాహ్నం పేరమ్మ చేపలు కోస్తుంటే గుమ్మంలో ఒక మగమనిషి నిలబడ్డాడు.

"ఎవరండి?"

అతను లోపలికి వచ్చాడు. ఆ ముఖం నవ్వుతోంది. ఎవరి నవ్వో తెలియలేదు.

"ఎవరో చెప్పండి బాబూ!" కత్తి ఎత్తింది.

"ఒసే, నేనేనే! నిజంగా తెలీదో, నటిస్తన్నావో చూద్దామనీ..."

గొంతు మొగుడిదే. ముఖం ఇంకా ఎవరిదో.

"నీకిది పరీక్ష మావా. నాకు రోజూ ఇంతే. ఇంకోసారి మాటాడకుండా వచ్చావంటే పొడిచేస్తాను."

ఆ సాయంత్రమే శివనాగరాజు భూతవైద్యుణ్ణి రావద్దన్నాడు. పేరమ్మ ఎదురైతే ముందు తమ పేరు చెప్పి పలకరించమని ఇల్లిల్లూ తిరిగి అడిగాడు.