ఎదురు పాటకు సౌండ్ కార్డు

2004లో దీపావళి అయిన వారం. వనపర్తి బస్టాండుకు దగ్గర్లో నాది ఒక్క గది కంప్యూటర్ రిపేరు షాపు. ఆడమనిషి చేతిలో స్క్రూడ్రైవర్ చూస్తే అప్పట్లో జనానికి నమ్మకం కుదిరేది కాదు. గడప దగ్గరే ఆగి "సార్ లేడా?" అని అడిగేవాళ్ళు. "సారూ నేనే, మేడమూ నేనే. ఏం కావాలె చెప్పు" అనేదాన్ని. నాకు ముక్కు మీద కోపం. పని వచ్చన్న గర్వం కూడా ఉండేది, దాచుకోవడం దేనికి?

ఆ వారంలోనే వీపనగండ్ల నుంచి బాలస్వామి వచ్చాడు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే మనిషి, నలభై దాటి ఉంటాయి. సీపీయూను దుప్పటిలో మూటగట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఏదో ఆఫీసులో పక్కన పడేస్తే కొనుక్కున్న పాత పెంటియం, విండోస్ 98. దాంట్లో సౌండ్ కార్డు లేదు. కంప్యూటర్‌కు నోరూ చెవులూ ఆ కార్డే. మైకులో పాడింది లోపలికి తీసుకునేదీ, స్పీకర్లలోకి పంపేదీ అదే.

"మా అమ్మ పాటలు దీంట్ల నింపాలె చెల్లె. నాకేం తెల్వదు, మంచి కార్డు జర నువ్వే సూడు" అన్నాడు.

ఎవరు పాడతారు, ఎట్లా పాడతారు అని నేను ఒక్క మాట అడగలేదు. సొరుగులోంచి ఒక ఐఎస్ఏ కార్డు తీశాను, అంటే పాత బోర్డుల్లో ఉండే పొడవాటి నల్ల స్లాటులో కూర్చునే రకం. పెట్టి, మైకులో రెండు మాటలు మాట్లాడించి, వినిపించి పంపేశాను. అరగంట పని.

నాలుగో రోజు మళ్ళీ అదే దుప్పటి మూట.

"ఇంటుంటే నిండుత లేదు చెల్లె. నింపుతుంటే ఇనపడ్త లేదు."

"ఒక్కసారే రెండు పనులు ఎందుకన్నా? పాట ఎక్కుతుంది గదా! ముందు నింపు, ఎన్క ఇను" అని కసిరాను.

అతను కదల్లేదు. స్టూలు లాక్కుని కూర్చుని మెల్లగా చెప్పాడు. "అమ్మకు గొంతుల గడ్డ. పదిహేను దినాలకు హైదరాబాద్ల ఆపరేషన్. ఎన్క మాట రాదని డాక్టర్ చెప్పిండు. అమ్మది ఒక్కతే పాడే పాట కాదు. నాట్లప్పుడు ఆమె ఎత్తుకుంటె మా మేనత్త ఎదురు అంటది. అత్త పుణె దిక్కు పనికి పోయింది, ఉగాదికి గాని రాదు. ఇప్పుడు అమ్మ గొంతు నింపుకోవాలె. అత్త వచ్చినంక అది ఇనుకుంట ఎదురు పాడాలె. నేను పాడి సూసిన, గిట్ల కుదురుత లేదు. రెండు గొంతులు కలుస్తయా చెల్లె, కలువయా?"

నేనిచ్చింది హాఫ్ డ్యూప్లెక్స్ కార్డు. నోరు తెరిస్తే చెవులు మూసుకునే రకం. అతనికి కావలసింది ఫుల్ డ్యూప్లెక్స్, ఒకవైపు వినిపిస్తూనే ఇంకోవైపు రికార్డు చేసేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అల్మారాలో ఆరు స్పీకర్లకు పనికొచ్చే ఖరీదైన కొత్త కార్డు ఉంది. అది పెట్టగానే ఆ ముసలి పెంటియం నీలం తెర వేసుకుని మొండికేసి కూర్చుంది. రెండుసార్లు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చినా అదే వరస. చివరికి మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి తెచ్చిన మెషిన్లో పొట్టి తెల్ల స్లాటులో కూర్చునే ఒక మామూలు పీసీఐ కార్డు కనిపించింది. పెట్టె లేదు, పేరు కూడా చెరిగిపోయింది. కంప్యూటర్లో నా గొంతే వినిపిస్తుండగా మైకులో అంకెలు లెక్కపెట్టాను. వినిపించడం, ఎక్కడం రెండూ ఆగకుండా నడిచాయి. ఈసారి మూట ఇచ్చి పంపడానికి మనసొప్పలేదు, నేనే బస్సెక్కాను.

వాళ్ళింట్లో మైకు పెట్టగానే ఒకటే గుయ్యిమని మోత. ఎర్తింగ్ సరిగా లేకపోతే కార్డు ఎంత మంచిదైనా అంతే. బాలస్వామి పెరట్లో రాడ్డు దిగ్గొట్టి, ఉప్పూ బొగ్గూ వేసి నీళ్ళు పోశాడు. మోత పోయింది. వాళ్ళమ్మ సాయమ్మ మెడకు తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. ఒక చరణం ఎత్తుకుని ఆగిపోయింది.

"ఎదురు లేంది పాట యాడికి పోతది బిడ్డా?"

"అత్త పక్క మునుంల ఉన్నదనుకోయే" అన్నాడు కొడుకు. మునుం అంటే నాటు వేసేటప్పుడు ఒక్కొక్కరి వంతు వరస.

సాయమ్మ లేచి నిలబడి, ఎడమవైపు గోడకేసి తిరిగింది. నడుం కొంచెం వంచింది. పాడింది. ఒక చరణం, కొంత నిశ్శబ్దం, మళ్ళీ ఒక చరణం. ఆ నిశ్శబ్దంలో ఆమె తల ఊగుతూనే ఉంది. తెర మీద చూస్తే ఖాళీలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. గడియారం లేదు, తాళం లేదు. అబ్బ, ఏం మనిషి అనుకున్నాను! ఒక్కటే లోపం కనిపించింది. ప్రతి చరణం చివరి మాట సన్నగా సాగుతోంది. జబ్బు గొంతు కదా, పాపం, అనుకున్నాను. ఆపరేషన్‌కు మిగిలిన పది రోజుల్లో బుద్ధి పుట్టినప్పుడల్లా పాడిందట, పదకొండు పాటలు ఎక్కాయి.

ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది.

ఉగాదికి మేనత్త ఈరమ్మ పుణె నుంచి వచ్చిందని కబురు రాగానే పరుగున వెళ్ళాను. హెడ్‌ఫోన్ పెట్టి పాట వినిపించగానే ఆమె దాన్ని లాగేసి సాయమ్మ మీదికి వెళ్ళింది. "నేను లేంది సూసి ఒక్కదానివే పాడుకున్నవా వదినె? ఆగు, నీ సంగతి చెప్త!" కళ్ళ నిండా నీళ్ళు. సాయమ్మ చప్పుడు లేకుండా భుజాలు ఊగిపోయేట్టు నవ్వింది.

ఈరమ్మ పాడింది. పాత మెషిన్ కాబట్టి ప్రతి జవాబూ రవ్వంత ఆలస్యంగా పడింది. దాన్ని లేటెన్సీ అంటాం. నేను ఒక్కొక్కదాన్ని వెనక్కి లాగి, సాయమ్మ చరణం ముగిసిన చోటికి సరిగ్గా ఆనించాను. చక్కగా ఇటుకలు పేర్చినట్టు కుదిరింది. గర్వంగా వినిపించాను.

సాయమ్మ కాదని తల ఊపింది. నేను మళ్ళీ వేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. తన ఒక అరచేతి వేళ్ళను రెండో అరచేతి వేళ్ళ మీదికి ఎక్కించి చూపించింది.

"ఏందమ్మా? సరిగ్గనే ఉంది గదా" అన్నాను.

ఈరమ్మ చెప్పింది. "మాట కింద పడనీయొద్దు బిడ్డా. కింద పడితే నాటేసే చేతులు ఆగుతయి. ఆమె మాట కొస ఉండంగనే నేను అందుకోవాలె."

అప్పుడు వెలిగింది నాకు. సన్నగా సాగిన ఆ చివరి మాట జబ్బు కాదు. ఈరమ్మ ఎక్కడానికి వదిలిన చోటు! ఖాళీ గోడకేసి తిరిగి పాడుతూ కూడా, రాని మనిషికి ప్రతి చరణంలో చోటిచ్చింది. ఆ చోటును నేను తప్పనుకున్నాను.

జవాబులన్నీ ఇంకొంచెం వెనక్కి లాగి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి స్పీకర్లు పెట్టాను. అయిదు నెలల ఎడంలో పాడిన రెండు గొంతులు ఒకే మడిలో పక్కపక్కన వంగి నడుస్తున్నాయి. ఎక్కడ ఒకరు ఆగారో, ఎక్కడ ఇంకొకరు అందుకున్నారో ఆ మిక్సింగ్ చేసిన నాకే తెలియలేదు. సాయమ్మ మోకాలి మీద ఆమె మూడు వేళ్ళు నారు గుచ్చుతున్నాయి. పాట అయ్యాక ఆ చెయ్యి తీసి నా తల మీద పెట్టింది. నేను చిన్నపిల్లలా ఏడ్చేశాను.

ఆ తర్వాత ఎవరు సౌండ్ కార్డు కావాలని వచ్చినా అల్మారా ముందే తెరవడం మానేశాను. "ఎవరు పాడతరు? వాళ్ళకు ఎవరి గొంతు ఇనపడాలె?" అని మొదట అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, విసుక్కోనీ. బాలస్వామి తిరిగి తెచ్చిన ఆ మొదటి కార్డు నా బల్ల ముందు గోడకు మేకుకు వేలాడుతోంది. అదేంటని అడిగినవాళ్ళకు ఉన్నమాటే చెబుతాను, అడగకుండా ఇచ్చిన కార్డు అని.