పొల్లుపోకుండా

నా చేతిరాత ముత్యాల్లా ఉందని ఆ మనిషి అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పొంగిపోయాను.

ఎనభైల మొదట్లో బొంబాయి కామాటిపురలో, ఒంటిగది కాపురాల మా చాల్ రెండో అంతస్తులో, తలుపుకు ఒక అట్టముక్క వేలాడదీశాను: "క్యాసెట్లు విని తెలుగులో రాసి ఇస్తాము." 'మేము' అంటే ఎవరనుకున్నారు, నేనొక్కదాన్నే! మున్సిపాలిటీ తెలుగు బడి చదువు, గుండ్రటి అక్షరాలు, మా అన్న టేప్ రికార్డర్. అంతే నా సరంజామా. భజన మండలివాళ్లు పాటల క్యాసెట్లు తెచ్చేవారు. కుల సంఘంవాళ్లు మీటింగుల్లో మాట్లాడినవి తెచ్చేవారు.

మా ఖోలీలో, ఆ ఒక్క గదిలోనే, ఎనిమిదిమందిమి. టేపులో ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఎదురు ఖోలీలో ఒక పెద్దమ్మ ఉండేది. చుట్టమేమీ కాదు, భర్త పోయి ఒంటరిగా ఉంటున్న మనిషి. నా అవస్థ చూసి, "నా ఇంట్ల కూసో బిడ్డా, నేనేం లొల్లి చెయ్య" అంది. అలా మధ్యాహ్నాలు ఆమె గదే నా ఆఫీసు అయింది. నేను టేపు ఆపుతూ, వెనక్కి తిప్పుతూ రాస్తుంటే ఆమె గిన్నె చప్పుడు కూడా కానివ్వకుండా బియ్యం ఏరుకునేది.

అప్పుడొచ్చాడు ఆయన. తెల్లచొక్కా, మెత్తటి మాట, పైగా తెలుగువాడు. బొంబాయిని కట్టిన మన కామాటీల చరిత్ర పుస్తకంగా వేస్తానన్నాడు. "మనవాళ్ల గురించి ఇన్నాళ్లూ ఎవరు పట్టించుకున్నారమ్మా?" అంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి, ఛీ! కొత్తవాళ్ల ముందు ముసలివాళ్లు నోరు విప్పరని నన్ను ఇల్లిల్లూ వెంట తిప్పుకున్నాడు. మైకు నా చేతిలో ఉంది కాబట్టి అందరూ మాట్లాడారు. తాతలు రాళ్లు మోసిన సంగతులు, ఎవరు ఏ ఖోలీలోకి ఎప్పుడొచ్చారు, అన్నీ చెప్పారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"విన్నది విన్నట్టు రాయాలి. దగ్గినా, నవ్వినా రాయాలి. ప్రతి పేజీ కింద నీ సంతకం పెట్టు. పని నీది కదమ్మా."

నా సంతకం ఒకరు అడగడం అదే మొదటిసారి.

చివరి క్యాసెట్టు పెద్దమ్మది. "ఈ ఖోలీ మా పేర లేదు. భాడా రసీదు, గదే కిరాయి చీటి, మా ఊరాయన పేరు మీదనే వస్తది. ఆయన ఎన్నడో పాలమూరుకు వాపస్ పోయిండు. అప్పటిసంది మేమే ఉంటున్నం" అంది. అని, నాలుక కరుచుకుని నా వైపు తిరిగింది. "ఇది రాయకు బిడ్డా."

సరేనని తలూపాను.

మర్నాడు ఆ చోటు వచ్చేసరికి పెన్ను ఆగింది. ఒక్క మాట వదిలినా నా పనికి మచ్చ అనిపించింది. పుస్తకంలోకి పోయేదే కదా, ఎవరికి నష్టం అనుకున్నాను. పెద్దమ్మకు చదువు రాదు. ఆమె ఇంట్లో, ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం రాసేశాను.

పుస్తకం రాలేదు. పెద్దమ్మకు నోటీసు వచ్చింది, ఖోలీ ఖాళీ చెయ్యమని. ఆ తెల్లచొక్కా మొదటినుంచీ చాల్ ఓనరు మనిషేనట! నన్ను అమ్మా అమ్మా అంటూనే తడిగుడ్డతో గొంతు కోశాడు. కోసింది నా గొంతైనా బాగుండేది. కోర్టులో ఓనరు వకీలు చేతిలో నా కాగితాలు ఉన్నాయి, కింద నా సంతకంతో సహా. పెద్దమ్మ మాటలున్న పేజీని, రసీదు సంగతి వరకే, అతను మరాఠీలో చదివి వినిపించాడు. పెద్దమ్మకు మరాఠీ బాగా వచ్చు.

ఖోలీ పోయింది. ధారావిలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోతున్న రోజు ఆమె ట్రంకుపెట్టె నేనే మోశాను. తిడుతుందని, కొడుతుందని చూశాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె మెట్ల మీద ఆగి, ఏదో అర్థంకాక అడుగుతున్నట్టు అడిగింది.

"రాయకు అన్న గదా బిడ్డా. ఆ వద్దన్న మాట సుత రాసినవా?"

"రాసిన పెద్దమ్మా" అన్నాను.