మూడు జానల బంపరు

"మూడు జానలు, రెండు వేళ్ళు అని చెప్పానా, లేదా?"

"గదే చేసిన. మూడు జానలు, రెండు ఏళ్ళు. నువ్వే కొలుసుకో."

"కొలిచాను కాబట్టే అరుస్తున్నాను. బోల్టులు ఎక్కడున్నాయి, నువ్వు కొట్టిన బెజ్జాలు ఎక్కడున్నాయి? నీది చెయ్యా, పిల్లి పంజానా?"

"మరి నీది చెయ్యా, చేటనా? ఏ తల్లి కన్నదో నిన్ను!"

మేము హఫీజ్‌పేట ఫౌజు క్యాంపులో దిగిన వారంలోనే ఈ రభస. అరుస్తున్నది జీపు డ్రైవరు. గోదావరి వైపు మనిషి, గుడారంలోకి నడుము వంచకుండా రాలేడు. ఎదుట నిలబడ్డది మా ఆయన, కమ్మరి. ఆయన తల డ్రైవరు జేబు దగ్గరికి వస్తుంది. నేను తిత్తి ఊదడం ఆపి ఇద్దరినీ చూస్తున్నాను.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలం అది. బండ్ల పనికి కమ్మరి కావాలని బాలానగర్ దిక్కున్న మా ఊరి నుంచి మమ్మల్ని పిలిపించారు. నేను తుపాకి పట్టలేదు, సమ్మెట పట్టాను. క్యాంపు మనిషినని గుర్తుకు చేతికి గుడ్డ పట్టీ కట్టారు. సిపాయి మీద ఎంత ఆర్డరో నా మీదా అంతే. ఒక గుడారం, రెండు కంబళ్ళు, గోధుమ పిండి. బియ్యం మాట ఎత్తవద్దు. నేలంతా బండ. మేకు దిగదు, గుడారం తాళ్ళు రాళ్ళకే కట్టుకున్నాం. మధ్యాహ్నం ఇనుము కొట్టే దాగలి మీద చెయ్యి పెడితే కొలిమి అవసరం లేదనిపించేది.

గచ్చిబౌలి దిక్కున రాళ్ళ గుట్ట మీద ఒక కాపలా పోస్టు ఉండేది. అక్కడ నీటి చుక్క లేదు. జీపు వెనక తొట్టి బండి తగిలించి మా క్యాంపు బావి నీళ్ళు పంపేవారు. ఒకనాడు ఎక్కుడులో కొక్కెం ఊడింది. తొట్టి వెనక్కి దొర్లి, తోస్తున్న సిపాయి కాలు విరిచింది. అందుకే జీపు వెనకకు కొత్త బంపరు చేయమన్నారు.

ఉపాయం డ్రైవరుదే. జీపు అడుగున నిలువునా రెండు ఇనుప దూలాలు ఉంటాయి. వాటికి అడ్డంగా దిట్టమైన ఇనుప పట్టా బిగించి, నడుమ కొక్కెం పెట్టాలి. లాగుడు రెండు దూలాలూ పంచుకుంటాయి. రాయి తగలకుండా పట్టా కొసలు పైకి వంగాలి. మట్టిలో పుల్లతో బొమ్మ గీసి చూపించాడు. జీపు వేరే పని మీద తిరుగుతుండడంతో బోల్టుల నడుమ దూరం తన జానతో కొలిచి, వచ్చి నోటితో చెప్పాడు. మా ఆయన తన జానతో కొలిచి బెజ్జాలు కొట్టాడు. ఎడ్లబండి చక్రమైతే తాడు చుట్టి కొలిచేవాడే. ఇక్కడ జీపు కనబడలేదు, మాటే వినబడింది.

బెజ్జాల నడుమ నాలుగు వేళ్ళు తక్కువ. కొత్త బెజ్జాలు కొడదామంటే సరిగ్గా వంపు మీద పడతాయి.

వైర్‌లెస్ సిపాయి గుడారంలోంచి తల బయటపెట్టాడు. "పోస్టు వాళ్ళు అడుగుతున్నరు. ఒక్క పీపా నీళ్ళే మిగిలినయట."

జమేదారు అటే పోతూ ఆగాడు. "పొద్దున నీళ్ళు పైకి పోవాలె," అని వెళ్ళిపోయాడు.

"దీన్ని అవతల పారేయండి. పట్నం నుంచి ఇంకో పట్టా తెప్పిద్దాం," అన్నాడు డ్రైవరు.

నాకు ఒళ్ళు మండింది. బుట్టెడు బొగ్గులు మింగిన ఇనుము అది.

"పారేసుడేంది? చీర పొట్టిగైతే పారేస్తమా? నడుమ కోసి అతుకు ఏస్తం."

"అమ్మా, వెనక నిండు తొట్టి ఉంటుంది. అతుకు ఊడితే ఈసారి కాలుతో పోదు."

"ఊడితే గదా!"

మా ఆయన నా వైపు తిరిగాడు. "సమ్మెట నువ్వు కొడితే తిత్తి ఎవలు ఊదుతరు?"

"గీ చేట చేతుల సారు ఊదుతడు."

డ్రైవరు చొక్కా విప్పి కూర్చున్నాడు. ఈసారి ముందు జీపుకు తాడు పట్టి కొలిచాం. బంపరు కోసి, పాత బండి పట్టా ముక్క నడుమ పెట్టాం. ఇనుము తెల్లబడి నిప్పురవ్వలు రాలగానే, అతుకు కరుచుకునేందుకు మా ఆయన ఇసుక చల్లాడు. ఆయన సుత్తి చూపిన చోట నా సమ్మెట పడింది. ఆలస్యమైతే అతుకు పైపైనే అంటుతుంది, లోపల డొల్ల.

చల్లారాక సుత్తితో తట్టి విన్నాడు. ఒక అతుకు గంటలా మోగింది. రెండోది మందంగా పలికింది. మళ్ళీ కాల్చడానికి బొగ్గు లేదు.

"గిది జర అనుమానమే," అన్నాడు, దాచకుండా.

"అయితే?"

"అయితేంది, బండి ఎనక నేను నడుస్త."

మా ఇండ్లలో అది పద్ధతి. చక్రానికి పట్టా ఎక్కించిన కమ్మరి మొదటి బాట ఆ బండి వెనకే నడవాలి.

తెల్లవారి నీళ్ళు నింపి బయలుదేరాం. నేనూ వెనకే నడిచాను. దెబ్బ నాది కదా.

ఎక్కుడు మొదలవగానే డ్రైవరు అరిచాడు. "పక్కకు తప్పుకోండి!"

"నువ్వు ముంగట చూస్కో!" అన్నాడు మా ఆయన.

నున్నటి బండ మీద జీపు చక్రాలు జారాయి. తొట్టి జానెడు వెనక్కి వచ్చింది. బంపరు కిర్రుమంది. తొట్టి నీళ్ళు ఒలికి మా ఆయన నెత్తిన పడ్డాయి. ఆయన కదలలేదు. నేను కూడా కదలలేదు. చక్రం రాయిని పట్టుకుంది. బండి ఎక్కింది.

పైన పోస్టు సిపాయిలు ముందు నీళ్ళు తాగారు, తరువాత మాట్లాడారు. డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చొని బంపరు మీద జాన పరిచాడు. మా ఆయన పక్కనే తన జాన పరిచాడు. పెద్ద చెయ్యి, చిన్న చెయ్యి, రెండింటికీ ఒకటే మసి. ఇద్దరూ నవ్వారు.

వానలు పడ్డాక ఇంటికి వచ్చేశాం. ఆ గుట్టను తరువాత పిండి చేసి రోడ్లకు పోశారు. ఎవరైనా జాన చాచి గుడ్డ కొలిస్తే నాకు ఇప్పటికీ ఆ రెండు చేతులే కనబడతాయి.

ఆ పొద్దున మేము గుట్ట దిగి వచ్చేసరికి కొలిమి ముందు ఇంకో జీపు నిలబడి ఉంది. దాని డ్రైవరు చెయ్యి చాచి, "నాలుగు జానలు…" అని మొదలుపెట్టాడు. మా ఆయన తాడు తీసుకొని జీపు కిందికి దూరాడు.