‘రుణపడి ఉన్నం’కు నేను చేసిన తర్జుమా

తెలంగాణ వచ్చి అప్పటికి మూడేళ్లు నిండలేదు. వానాకాలం మొదట్లో నన్ను పాలమూరు నుంచి నల్లగొండ వైపు ఒక కోర్టుకు ట్రాన్స్‌లేటరుగా బదిలీ చేశారు. కోర్టు పేరు రాయను. జరిగిన తప్పు నాది, కోర్టుది కాదు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ట్రాన్స్‌లేటరంటే నిఘంటువు ముందేసుకుని మాటకు మాట పెట్టే మనిషని చాలామంది అనుకుంటారు. మా బంధువొకాయన పెళ్లి భోజనాల దగ్గర ‘గంతే కదా నీ నౌకరి’ అన్నందుకు విస్తట్లో అన్నం చల్లారేదాకా ఆయనతో వాదించాను. పని ఇదీ: జిల్లాల్లో సాక్షుల వాంగ్మూలాలు, దాఖలైన కాగితాలు చాలావరకు తెలుగులో ఉంటాయి. తీర్పు నచ్చనివాళ్లు హైకోర్టుకు అప్పీలుకు పోతే, అక్కడ తెలుగు రాని జడ్జి కూడా చదవాలి కనుక వాటిని ఇంగ్లీషులోకి మార్చాలి. వాది, అంటే దావా వేసినవాడు, పెట్టిన కాగితాలకు ఏ-ఒకటి, ఏ-రెండు అని గుర్తులుంటాయి. ప్రతివాదివి బీ వరస. ప్రతి పేజీ కింద ‘నిజమైన తర్జుమా’ అని రాసి, సంతకం చేసి, ముద్ర వేస్తాం. ముద్ర పడ్డాక పై కోర్టుకు మా ఇంగ్లీషే అసలు కాగితంతో సమానం.

నేను ఇంగ్లీషు ఎం.ఏ. చదివాను. పొట్టి వాక్యమంటే నాకు గర్వం. ఒక్క క్రియతో పోయే చోట నాలుగు మాటలు వాడిన జూనియర్లను నేను ఊరికే వదిలేదాన్ని కాదు.

ఆ కేసులో ఏ-మూడు ఒక చీటీ. నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద రెండే వాక్యాలు, కింద యాదమ్మ అని వంకర సంతకం. ‘పటేలా, మీకు రుణపడి ఉన్నం. ఈ జన్మల తీర్చుకోలేము.’ నేను ఆ రోజు ఇరవై ఏడో కాగితం మీద ఉన్నాను. ‘వి ఓవ్ యూ. వి కెన్ నెవర్ రీపే’ అని రాశాను. ‘ఈ జన్మల’ అన్నది అలంకారమని కొట్టేశాను. చాలా శుభ్రమైన వాక్యాలుగా కనిపించాయి. సంతకం పెట్టాను. మాకు తర్జుమా చేయాల్సిన కాగితాలే వస్తాయి, తీర్పు రాదు. కేసు ఏమిటో నాకు తెలియదు. అడిగి తెలుసుకోలేదు కూడా.

తర్జుమా నకళ్లు ఇరుపక్షాల వకీళ్లకు పోతాయి. పదిరోజులకు ఒక ఆడమనిషి నేరుగా మా సెక్షనులోకి వచ్చింది. అటెండరు ఆపితే అతని చెయ్యి పక్కకు తోసి, నా బల్ల మీద నకలు పెట్టింది.

"గిది రాసింది నువ్వేనా?"

నేనేనన్నాను.

"మా వకీలు గుమాస్తా చదివి చెప్పిండు. ‘మేం నీకు బాకీ ఉన్నం, ఎన్నటికీ కట్టలేం’ అని ఉన్నదట. నేను గట్ల ఎన్నడన్న?"

వాదన నాకు చేతనైన పని. "రుణపడి ఉన్నం అని నువ్వే రాయించినవు గదమ్మా. రుణమంటే అప్పే గద" అన్నాను.

"నిన్ను కని పెంచింది మీ అమ్మనే గద. ఆమెకు రుణపడి లేవా?"

"ఉన్న."

"మరి నెలనెలా మిత్తి కడుతున్నవా?"

పక్క బల్ల గుమాస్తాకు నవ్వొచ్చి మొహం ఫైల్లో దాచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. అసలు సంగతి చెప్పమన్నాను.

యాదమ్మ వాళ్లది చౌటుప్పల్ వైపు ఊరు. ఆమె నాయిన కాలంలో గుంట భూమి లేని ఇల్లు. సర్కారు ఇచ్చిన కొంత, కూలి చేసి కొన్నది కొంత కలిపి మొత్తం ఎకరం. ఆమె భర్తకు మోటరు దగ్గర కరెంటు కొడితే, ఊరి పటేలు, అంటే ఇప్పటి వాది, తన జీపులో పట్నం దవాఖానకు చేర్చాడు. భర్త బతికాడు. ఆ సంతోషంలో అక్కడి నర్సుతో రెండు వాక్యాలు రాయించి, జీపు డ్రైవరు చేతికిచ్చి పంపింది. తర్వాత రోడ్డు పక్క భూములకు రేటొచ్చింది. వాది ఆ ఎకరం అడిగాడు, ఆమె ఇవ్వనంది. దాంతో తను చేబదులు ఇచ్చానని, ఇదిగో ఆమె ఒప్పుకున్న చీటీ అని, బాకీ కింద ఆ ఎకరం జప్తు చేయించాలని దావా వేశాడు. కింది జడ్జి తెలుగాయన. ఇది మేలు చేసినవాళ్లతో అనే మాట అని దావా కొట్టేశాడు. దాని మీదే వాది హైకోర్టుకు పోయాడు.

అంటే తెలుగులో ఆమెను కాపాడిన చీటీనే నేను ఇంగ్లీషులో ఒప్పుకోలు పత్రం చేసి పంపాను. నకలు మళ్లీ చదివాను. వాది వకీలు కూడా అంత బాగా రాయలేడు.

తప్పెక్కడుందో అప్పుడు కనపడింది. ఓవ్ (owe) అనే ఇంగ్లీషు క్రియ ఎవరికి, ఏమి అని రెండింటినీ అడుగుతుంది. ప్రాణం ఓవ్ చేయవచ్చు, క్షమాపణ ఓవ్ చేయవచ్చు, ఆ మాట పక్కనే చెప్పాలి. ‘ఏమి’ చెప్పకుండా వదిలితే చదివేవాడు అక్కడ డబ్బు పెట్టుకుంటాడు. మన ‘రుణపడి ఉన్నం’లో ‘ఏమి’ చెప్పకపోతే వినేవాడు మేలు పెట్టుకుంటాడు. బాకీకి మనకు వేరే మాట ఉంది. రెండు భాషల్లోనూ ఖాళీ ఒకటే, దాన్ని నింపే వస్తువు వేరు. ఎం.ఏ.లో ఇది నాకెవరూ చెప్పలేదు. పాలమూరులో పుట్టిన దానికి ఒకరు చెప్పాల్సిన మాట కూడా కాదు.

మా ఆఫీసు పెద్ద శిరస్తదారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డవారు, మంచివారే. సవరణ పంపుతానంటే తలుపు దగ్గరికి వేయమన్నారు.

"పార్టీని అభ్యంతరం వేసుకోనీ అమ్మా. నువ్వు రాసిస్తే నీ మెడకు నువ్వే తాడు కట్టుకున్నట్టు."

"ఆమె వేస్తే వాది వకీలు ఏమంటడు సార్? సర్కారు ముద్ర ఉన్న తర్జుమా, ముద్దాయమ్మ మాట నమ్మొద్దంటడు."

"ముద్దాయి కాదు, ప్రతివాది. కోపంల భాష తప్పుతున్నవు. జర నీళ్లు తాగు."

తాగాను. తాగి సవరణ రాయడానికి కూర్చున్నాను. అది మరీ కష్టమైంది. ‘గ్రేట్‌ఫుల్’ అంటే చిన్నది, బస్సులో సీటిచ్చినవాళ్లతో కూడా అంటాం. ‘ఇండెటెడ్’ అంటే దాని కడుపులోనే అప్పుంది. మూడు కాగితాలు చించాను. చివరికి ‘రుణపడి ఉన్నం’ అన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నదున్నట్టు పెట్టి, కింద వివరణ రాశాను: ఈ ప్రాంతంలో మేలు పొందినవారు అనే మాట ఇది, డబ్బయితే ‘బాకీ ఉన్న’, ‘అప్పున్న’ అంటారు, చీటీలో మొత్తం, తేదీ, డబ్బు అన్న పదం లేవు, ‘ఈ జన్మల’ అన్న మాటను తర్జుమాదారు అజాగ్రత్తగా తొలగించింది. తర్జుమాదారు అన్నచోట నా పేరు, హోదా రాసి సంతకం పెట్టాను. జిల్లా జడ్జి చదివి, ‘అజాగ్రత్తగా’ ఉంచాలా అని మాత్రం అడిగారు. ఉంచమన్నాను.

నాకు ముందు సంజాయిషీ మెమో, తర్వాత ఒక ఇంక్రిమెంటు కోత వచ్చాయి. కోత న్యాయమే. దాని మీద నేను వాదించలేదు. జీవితంలో వాదించనివి తక్కువ కనుక రాస్తున్నాను.

అప్పీలు విచారణకు వచ్చేసరికి ఏడాది దాటింది. వాది వకీలు నా మొదటి తర్జుమానే పైకి చదివాడని, జడ్జి రెండోది కూడా చదవమన్నాడని యాదమ్మ వకీలు చెప్పాడు. అప్పీలు కొట్టేశారు. ఎకరం నిలిచింది.

తీర్పు నకలు కోసం వచ్చినప్పుడు యాదమ్మ మా సెక్షనుకూ వచ్చింది. కవరులో సీతాఫలాలు తెచ్చింది. ఆఫీసులో తీసుకోకూడదన్నాను. సరేనని అటెండరుకిచ్చింది. నా వైపు తిరిగి అన్నది:

"మేడమ్, నీకు మాత్రం ఆ రుణం మాట చెప్ప. నువ్వు రాసుకుంటవ్."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నగుడు కాదు. ఇంకెవ్వలకూ అంటలేను. మొన్న మా బిడ్డ కాన్పు చేసిన డాక్టరమ్మకు చేతులెత్తి మొక్కిన గని, నోరు తెరవలేదు. సంతకమైతే అసలే పెట్ట."

నకలు సంచిలో పెట్టుకుని బస్సుకు పోయింది.

ఆ తర్వాత స్వచ్ఛందంగా విరమణ తీసుకునేదాకా, చిన్న చీటీ అయినా సరే, కేసేమిటో తెలుసుకోకుండా తర్జుమా చేయలేదు. దానివల్ల పని ఆలస్యమైంది, పై అధికారులతో రెండుసార్లు మాటపడ్డాను. తప్పుడు తర్జుమాను సవరించడానికి పద్ధతి ఉంది. దాన్ని చూసి ఒక మనిషి అనడం మానేసిన మాటను తిరిగి తెప్పించే పద్ధతి మా నిబంధనల్లో లేదు.