మామ చేతి మీది బొబ్బలు

దయ్యాలన్నా నరకమన్నా నేను నవ్వేదాన్ని. హరికథలో సలసల కాగే నూనె గురించి, యమభటుల గురించి చెబుతుంటే ముసలివాళ్ళు చెంపలేసుకునేవారు. నేను మధ్యలోనే లేచి వచ్చేసేదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

మాది బోధన్ దగ్గర, రెంజల్ వైపు ఊరు. చుట్టూ చెరకే. నాకు నాలుగేళ్ళప్పుడు మా అమ్మ బెల్లం వండే పెద్ద కడాయిలో పడి చనిపోయింది. కాలు జారిందన్నారు. ఆ సమయంలో అక్కడున్నది మా బాపు ఒక్కడే. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నా జడ కూడా తనే వేసేవాడు. అమ్మ తమ్ముడు రాజన్న మామ మాతోనే ఉండేవాడు.

1960ల్లో, నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, బాపు నందిపేట్‌లో చుట్టాలింటికి వెళ్ళాడు. మర్నాడు పొద్దున చెరకు కొడుతూ మామ కుప్పకూలాడు. కాంపౌండర్ నాడి చూసి ప్రాణం పోయిందన్నాడు. బాపును తీసుకురమ్మని మనిషిని పంపి, వాకిట్లో స్నానం చేయించాం. మామ చేతులు కడిగింది నేనే. కాయలు కాచిన అరచేతులు. ఇంకే గుర్తూ లేదు.

పాడె కడుతుండగా మామ దగ్గాడు. లేచి కూర్చున్నాడు. జనం పరుగో పరుగు. ఆయన నన్నే చూశాడు.

"బిడ్డా, మీ బాపును కడాయిల ఏసిండ్రు. 'మీ అక్క జారి పడలే, నేనే నూకిన' అని ఒర్రుతుండు."

"బాపు నందిపేట్ల ఉన్నడు మామా!" అని అరిచాను.

మామ కుడిచెయ్యి పైకెత్తాడు. మణికట్టు దాకా బొబ్బలు. "పట్టి గుంజబోయిన" అన్నాడు.

మేం పంపిన మనిషి సాయంత్రం తిరిగొచ్చాడు. బాపు పొద్దున అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఇంచుమించు మామ కూలిన వేళకే.

కొన్నాళ్ళకు ఆ చేతికి మందు రాస్తూ అడిగాను, "అమ్మను సంపినోన్ని ఎందుకు గుంజినవ్ మామా?"

మామ ఆ చేతికేసి చూసుకున్నాడు. "గా మాట ఇన్నంక ఇడిసిపెడ్దమనుకున్న బిడ్డా. చెయ్యి రాలే."

కాంపౌండర్ పొరబడ్డాడనుకుంటాను. బాపు చావు యాదృచ్ఛికమనుకుంటాను. కానీ ఆ చెయ్యి కడిగింది నేను. బాపు కోసం ఏడవాలో వద్దో కూడా ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.